ఏడు ముక్కల మాట

ఆ యేడు గడ్డికోతలు మొదలైన వారంలోనే నాన్న నన్ను పక్కకి పిలిచి, "హిల్యా, నువ్వు నాకు నార్వే మాట నేర్పాలి. మొత్తం అక్కర్లేదు. సర్వేయరు అడిగేంత వస్తే చాలు" అన్నాడు.

నేను తల వంచుకుని నిలబడ్డాను. బళ్ళో పంతులమ్మ అడిగితేనే నోరు పెగలని దాన్ని. నాన్నకి పాఠం చెప్పడమంటే ఇంకేముంది.

"సిగ్గయితే పడవలోకి పోదాం. అక్కడ చేపలు తప్ప వినేవాళ్ళుండరు" అన్నాడు నాన్న.

మమ్మల్ని ఇక్కడ క్వెన్లు అంటారు. నాన్న తాతలు ఫిన్లాండు వైపు నుంచి నడిచొచ్చి ఈ అఖాతం ఒడ్డున ఆగారు. ఇల్లు మేం కట్టుకున్నదే, గడ్డిభూమి మేం రాళ్ళేరి చదును చేసుకున్నదే. నేల మాత్రం ప్రభుత్వానిది. దాన్ని కొనుక్కోవాలంటే చట్టం ఒక షరతు పెట్టింది. కొనేవాడికి నార్వే భాష మాట్లాడడం, చదవడం, రాయడం రావాలి. ఇంట్లో రోజూ ఆ భాషే నడవాలి. మా ఇంట్లో రోజూ నడిచేది మా మాట. బడి హాస్టల్లో ఉండి చదువుకున్నందుకు నాకొక్కదానికే నార్వే మాట సరిగ్గా వచ్చు. నాన్నకి చేపలు అమ్ముకునేంత వచ్చు. అమ్మకి అవును, కాదు, కాఫీ అన్నంత వరకు. నానమ్మకి ఏమీ రాదు. మా చెల్లి ఎల్లికి ఇంకా ఏ మాటలూ రాలేదు. గోడ పట్టుకుని నడుస్తోంది.

షరతు తప్పితే ఏమవుతుందో మాకు కళ్ళెదురుగానే ఉంది. నిరుడు ఇస్రెల్ మామ వంతు వచ్చింది. ఆయన అమ్మకి వరసకి అన్న. సర్వేయరు "నీకు గుర్రం ఉందా?" అని అడిగితే మామ టోపీ తీసి "ధన్యవాదాలు" అన్నాడు. అంతే. చలికాలం రాకముందే ఆయన దున్నుకున్న నేల దక్షిణాది నుంచి వచ్చిన ఒక నార్వే కుటుంబానికి పోయింది. ఇప్పుడు మామ ఒకరి పడవల కొట్టులో పడుకుంటున్నాడు.

"సామ్మెలీ, పాఠం ఎంతదాకా వచ్చింది?" అని మామ రోజూ నాన్నని అడిగేవాడు. "నాలాగా ధన్యవాదాలతో మొదలెట్టకు. అది చివర్లో చెప్పాలట."

*

బళ్ళో పెద్ద మాట వస్తే పంతులమ్మ మాచేత చప్పట్లు కొట్టించేది. ఒక్కో పలుక్కి ఒక చప్పట. పడవలో నాన్న చేతులు ఖాళీగా ఉండవు గనక తెడ్డు లాగినప్పుడల్లా ఒక పలుకు అనుకున్నాం. చిన్న మాటలు తొందరగానే వచ్చాయి. రాత్రుళ్ళు నా బడి పుస్తకంలో అక్షరాలు కూడబలుక్కునేవాడు. హద్దురాయి అన్న మాట దగ్గర చిక్కొచ్చింది. గ్రెన్-సె-స్తైన్. మా నాలుకకి రెండు హల్లులు కలిసి మొదలవడం అలవాటు లేదు. నాన్న "రెన్-సె-తైన్" అనేవాడు.

"ముందు గ ఉంది నాన్నా."

"ఉందిలే. నా నోట్లో దానికి చోటే లేదు."

సర్వేయరు చేసే పనికే ఒక పేరుంది. నేల చూపించి, హద్దులు వేసి, అప్పగించే వ్యవహారం. అదంతా ఒకటే మాట. యూర్-ఊత్-వీస్-నింగ్స్-ఫొర్-రెత్-నింగ్. నేను దాన్ని పూర్తిగా పలికేసరికి నాన్న తెడ్లు వదిలేశాడు.

"ఇది మాటా? వల లాగినట్టుంది. లాగుతూనే ఉన్నాం, చివర చేపుందో లేదో తెలీదు."

ఏడు తెడ్డువేట్లకీ ఏడు పలుకులు పెట్టుకుని అఖాతం అంతా తిరిగాం. నాన్నకి ముక్కలన్నీ నోటికొచ్చాయి గానీ వరస నిలవలేదు. ఒడ్డుకొచ్చేసరికి నాలుగోది రెండోదానిముందుకి దూకేది. కోపమొచ్చి నీళ్ళలో ఉమ్మేవాడు. నేను భయపడి ఇంకా మెల్లగా చెప్పేదాన్ని. మెల్లగా చెప్పేకొద్దీ మాట ఇంకా విడిపోయేది.

ఒకరోజు తెడ్లు ఆపి, "ఇది ఎక్కడెక్కడ అతికారో చెప్పు" అన్నాడు. "పలుకులొద్దు. అతుకులు చెప్పు."

చెప్పాను. యూర్ అంటే నేల. ఊత్ అంటే బయటికి. వీస్నింగ్ అంటే చూపడం. ఫొర్రెత్నింగ్ అంటే వ్యవహారం. నాన్న వేళ్ళు మడిచి చూసుకున్నాడు. ఏడు కాస్తా నాలుగయ్యాయి.

నాన్న పడవలు కడతాడు. మా పడవల్లో పలక అంచు కింది పలక అంచు మీదికి ఎక్కుతుంది. రెండూ కలిసేచోట మేకు దిగ్గొడతారు. "పలక మీద పలక. సరే. మరి మేకేది?" అన్నాడు.

ఆలోచించాను. "వీస్నింగ్ తర్వాత ఒక స్ ఉంది నాన్నా. దానికి అర్థమేం లేదు. ఊరికే మధ్యలో ఉంటుంది."

"ఊరికే ఎందుకుంటుంది? అదే మేకు."

"వరస చివర చోటు చాలక మాటని విడగొట్టాల్సి వస్తే ఆ స్ ముందు ముక్కతోనే ఉండాలంది పంతులమ్మ. రెండో వరసలోకి పంపకూడదట."

"అవును మరి. పడవ విడిపోతే మేకు ఏ పలకనైనా పట్టుకునే ఉంటుంది గానీ గాల్లో ఉండదు కదా" అని నాన్న మళ్ళీ తెడ్లందుకున్నాడు. ఆ సాయంత్రం ఒడ్డుకొచ్చేసరికి మాట మొత్తం ఆయన నోట్లో నిలబడింది. కాస్త ఒంకరగానే, అయినా నీళ్ళు కారకుండా.

పొయ్యి పక్కన నానమ్మ ఉన్ని దువ్వుకుంటూ మా ఇద్దరినీ చూసేది. మోకాళ్ళు పట్టేసి గడప దాటలేదు. నోరు మాత్రం ఊరంతా తిరిగి వచ్చేది.

"తండ్రీ కూతుళ్ళు మాటల తలలు కోసి, తోకలు ముడేసి ఎండేస్తున్నారు" అనేది. "ఈ చలికాలం ఇక వేరే చేపలక్కర్లేదు."

*

నేలకి నార్వే పేరు ఉండాలి, అది కూడా చట్టంలోనే ఉంది. మేం ఈ చోటుని హుల్యెలాహ్తి అంటాం. సీళ్ళనే సముద్రపు జంతువులు వచ్చి పడుకునే అఖాతం అని. నానమ్మ అత్తగారు పెట్టిన పేరట. నాన్న బల్ల మీద వేలితో గీస్తూ అడిగాడు, "వాళ్ళ మాటలో సీలుని ఏమంటారు?"

"సేల్."

"అఖాతాన్ని?"

"వీక్."

"సేల్‌వీక్." నాన్న కాసేపు దాన్ని నములుతున్నట్టు కూచున్నాడు. "మనమూ ఇట్టాగే అతుకుతాం కదే. ముందు సీలు, తర్వాత అఖాతం. మేకు కూడా అక్కర్లేకపోయింది."

"అమ్మా, విన్నావా? సేల్‌వీక్" అన్నాడు నానమ్మ వైపు తిరిగి.

నానమ్మ దువ్వెన ఆపలేదు. "మాంసం అదే. తోలు వొలిచి వేరే తోలు తొడిగారు" అంది. "సీళ్ళకి చెప్పారా మరి? రేపొచ్చి దారి తెలీక తిరిగిపోతాయేమో."

అమ్మ నవ్వింది. నాన్న కూడా నవ్వాడు గానీ ఆ రాత్రి భోజనాలయ్యాక కూడా బల్ల మీద వేలితో గీస్తూనే ఉన్నాడు.

*

సర్వేయరు ఆకులు పండిపోయే రోజుల్లో వచ్చాడు. పేరు బ్రాత్లి. పొడుగు మనిషి, తడి కోటు, వెంట గొలుసు మోసే ఇద్దరు కూలీలు.

ఆ పొద్దున్నే నానమ్మ మాకొక మాట చెప్పింది. అమ్మ మంచి కప్పులు తుడుస్తోంది. నాన్న శుభ్రమైన చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు.

"నన్ను అడిగితే ఏం చెబుతారు?" అంది నానమ్మ.

ఎవరూ దాని గురించి ఆలోచించలేదు. నాన్న చేతులు గుండీ మీదే ఆగిపోయాయి.

"నిన్నెందుకు అడుగుతాడమ్మా?"

"ఇంట్లో రోజూ ఏ మాట నడుస్తుందో తెలుసుకోవాలంటే ఎవర్ని అడుగుతాడు? ముసల్దాన్నే అడుగుతాడు. నేను నోరు తెరిస్తే మీరు ఎండేసుకున్నవన్నీ కుళ్ళిపోతాయి." ఉన్ని పక్కన పెట్టింది. "చెవిటిదాన్నని చెప్పండి. చెవిటివాళ్ళకి ఏ భాషయితేనేం."

"ఛా, ఏం మాటలమ్మా" అన్నాడు నాన్న. ఆ గుండీ పెట్టేసుకుని, "సరే" అన్నాడు.

సర్వేయరు నాన్నతో పాటు నేలంతా తిరిగాడు. నేను వెనకే నీళ్ళ కడవ పట్టుకుని నడిచాను. నాన్న నార్వే మాటలో, "ఇక్కడ నా గడ్డి ఉన్నది. అక్కడ నా బంగాళాదుంప ఉన్నది. ఆ రాయి హద్దురాయి కాగలదు" అన్నాడు. గ కూడా పలికాడు. ఇంట్లో గలగలా మాట్లాడే నాన్న ఆ భాషలో బడి పిల్లాడిలా, ఒక్కో మాటా పెట్టి వెనక్కి చూసుకుంటూ నడిచాడు. చివర, "ఈ యూర్‌ఊత్‌వీస్నింగ్స్‌ఫొర్రెత్నింగ్ కొరకు మేము చాలా కాలము వేచితిమి" అన్నప్పుడు సర్వేయరు ఆగి ఆయన మొహం చూశాడు.

"ఆ మాట మా ఆఫీసులోనే సగంమందికి నోరు తిరగదు" అన్నాడు.

ఇంట్లో కాఫీ తాగుతూ నన్నడిగాడు, "మీ ఇంట్లో ఏ భాష మాట్లాడుకుంటారు, పాపా?"

"నార్వేజియన్" అన్నాను. నా గొంతు నాకే సరిగా వినపడలేదు. అతనికి వినపడింది, తలూపాడు. తర్వాత నానమ్మ వైపు తిరిగి ఏదో అడిగాడు. నానమ్మ అతని కోటు గుండీల్ని చూస్తూ కూచుంది. అతను వంగి గట్టిగా అరిచాడు. ఎల్లి ఉలిక్కిపడి ఏడ్చింది. నానమ్మ రెప్ప కూడా వేయలేదు.

"ఆమె వినదు" అన్నాడు నాన్న.

"ఎన్నాళ్ళనుంచి?"

ఆ జవాబు మేం పడవలో నేర్చుకున్నది కాదు. నాన్న నా వైపు చూశాడు. "నేను పుట్టకముందు నుంచి" అన్నాను.

సర్వేయరు లేచి కోటు తొడుక్కుంటూ, కాగితం ఆఫీసు నుంచి రావాలన్నాడు. నడిచలికాలంలో ఇక్కడ సూర్యుడు అసలు పొడవడు. అలా పూర్తిగా పోయేలోపు రావచ్చట. ఈలోగా బడి పంతులో చర్చి మనిషో ఇటు వచ్చినప్పుడు ఇంట్లో ఎలా ఉంటున్నారో చూసి రాస్తారట. మామూలు సంగతేనట.

అతని పడవ మలుపు తిరిగాక నాన్న తలుపేశాడు. "కాగితం వచ్చేదాకా ఇంట్లో వాళ్ళ మాటే" అన్నాడు మా మాటలో. మా మాటలో ఆ ఇంట్లో ఆయన అన్న చివరి వాక్యం చాలాకాలం వరకు అదే.

*

తర్వాత ఇంట్లో చప్పుళ్ళు ఎక్కువయ్యాయి. గిన్నె మూత, తలుపు గడియ, పొయ్యిలో కట్టె. అంతకుముందు అవి ఎప్పుడూ వినపడేవి కావు.

అమ్మకి ఉన్న నాలుగు మాటలూ మధ్యాహ్నానికే అయిపోయేవి. ఆ తర్వాత వేలు చూపించేది. కానీ కొట్టంలో ఆవుకి నార్వే మాట అక్కర్లేదు గదా. అమ్మ పాలు పితకడానికి వెళ్ళి చాలాసేపు ఉండిపోయేది. గోడ బయట నిలబడితే లోపల మా మాటలో ఆవుతో కబుర్లు చెప్పడం వినపడేది. నేనూ ఏదో వంక పెట్టుకుని వెళ్ళేదాన్ని. నాన్న కూడా. ఒక్కోసారి ముగ్గురం చీకట్లో ఆవు పక్కన నిలబడి, ఏం మాట్లాడుకోవాలో తోచక, ఊరికే మా మాటలో వాతావరణం గురించి చెప్పుకునేవాళ్ళం.

నానమ్మ కొట్టం దాకా నడవలేదు.

ఒకసారి అందరూ బయటున్నప్పుడు ఆమె చెవి దగ్గర, "నానమ్మా, ఎవరూ లేరు" అన్నాను. నానమ్మ నా మొహం వైపు చూసింది. నా పెదాల్ని చూసింది. తర్వాత దువ్వెన అందుకుంది. ఉన్ని దువ్వుతున్న చప్పుడు ఎక్కడా ఆగలేదు.

ఇస్రెల్ మామ ఎప్పటిలాగే మంచు దులుపుకుంటూ లోపలికొచ్చి, "ఏం చెల్లెమ్మా, ఏం బావా, బతికే ఉన్నారా?" అన్నాడు మా మాటలో. అమ్మ కాఫీ పోసింది. నాన్న కుర్చీ చూపించి నార్వే మాటలో, "కూర్చొనుము, ఇస్రెల్. నేడు చలి గలదు" అన్నాడు.

మామ నవ్వబోయి నాన్న మొహం చూసి ఆపుకున్నాడు. "నాతో కూడానా?"

"అందరితోను."

"నాకు రాదని తెలిసి?"

నాన్న కాఫీ కప్పు ఆయన ముందుకి జరిపాడు. మామ కాఫీ సగం తాగి కప్పు పెట్టేశాడు. "నా నేలని దక్షిణాదివాళ్ళు పట్టుకుపోయారు, పోనీ. మా బావని కూడా పట్టుకుపోతారనుకోలేదు" అని నానమ్మ దగ్గరకెళ్ళి ఆమె చెయ్యి పట్టుకుని, "నువ్వన్నా చెప్పవే అత్తా" అన్నాడు. నానమ్మ ఆయన చేతిని రెండు చేతులతో పట్టుకుంది. అంతే. మామ మళ్ళీ మా గడప తొక్కలేదు.

ఆ రోజుల్లోనే ఎల్లికి మాటలొచ్చాయి. ఎల్లితో మాట్లాడే పని నాకే పెట్టారు, నా నార్వే మాట శుభ్రంగా ఉంటుందని. పాలు, బూటు, ఆవు, నీళ్ళు. ఎల్లి వాటిని పట్టుకుని తనంతట తనే అతకడం మొదలెట్టింది. కూ అంటే ఆవు, వన్ అంటే నీళ్ళు. పాలగిన్నె చూపించి "కూ-వన్" అంది.

నాన్న పడీపడీ నవ్వాడు. సర్వేయరు వచ్చాక ఆయన నవ్వడం అదే మొదలు. "ఆవునీళ్ళట. చూశావా, ఎవరూ నేర్పలేదు. దానంతట అదే పలక మీద పలక ఎక్కించింది" అన్నాడు, నార్వే మాటలోనే, తప్పుల్లేకుండా. ఎల్లిని గాల్లోకి ఎగరేసి పట్టుకున్నాడు. ఎల్లి ఇంకా అతికింది. మంచుబూటు, పొయ్యిఎండ, చేపమంచం. ప్రతిదానికీ నాన్న చప్పట్లు కొట్టాడు.

నానమ్మ కూడా ఎల్లినే చూస్తోంది. ఎల్లి పెదాలు కదిలినప్పుడల్లా ఆమె పెదాలు కొద్దిగా కదిలేవి. చప్పుడు లేదు.

*

కాగితం వచ్చేసరికి సూర్యుడు పోయి కొన్నాళ్ళయింది. మధ్యాహ్నం పూట కొండల వెనక కాస్త నీలం, అంతే. నాన్న దీపం ముందు నిలబడి దాన్ని మొదటినుంచి చివరిదాకా పైకి చదివాడు. నేను ఎక్కడా అందివ్వాల్సిన అవసరం రాలేదు. సేల్‌వీక్ దగ్గర వేలు పెట్టి అమ్మకి చూపించాడు. అమ్మ ఏడ్చింది.

తర్వాత నాన్న నానమ్మ ముందు మోకాళ్ళ మీద కూచున్నాడు. నోరు తెరిచాడు. మా మాట వెంటనే రాలేదు. పడవలో నా ఎదురుగా కూచుని నార్వే మాట కోసం వెతుక్కున్నట్టే వెతుక్కున్నాడు.

"అమ్మా, అయిపోయింది. నేల మనది. ఇంక మాట్లాడు."

నానమ్మ ఆయన తల మీద చెయ్యి పెట్టింది. జుట్టు సర్దింది. మళ్ళీ ఉన్ని అందుకుంది.

"ఇంక ఎవరూ రారమ్మా. ఒట్టు."

అమ్మ పిలిచింది. నేను పిలిచాను. నిజంగానే వినపడటం లేదేమోనని నాన్న కొత్త భయం పెట్టుకుని ఆమె వెనక గిన్నె పడేశాడు. నానమ్మ తిరగలేదు. ఎల్లి మాత్రం గిన్నెకి కొత్త పేరు పెట్టింది.

ఆ తర్వాత మా మాట మెల్లగా ఇంట్లోకి తిరిగొచ్చింది. కానీ కొట్టంలో ఉన్నంత హాయిగా పొయ్యి దగ్గర ఉండేది కాదు. నాన్న వాక్యం మా మాటలో మొదలెట్టి నార్వే మాటలో ముగించేవాడు. అది ఆయనకి తెలిసేది కాదు. ఎల్లి ఎదురుగా ఉంటే మొత్తం నార్వే మాటే, ఎందుకంటే దానికి అదే తెలుసు.

ఒక మధ్యాహ్నం అమ్మా నాన్నా వలలు బాగు చేయడానికి పడవల కొట్టుకి వెళ్ళారు. నేను రొట్టెపిండి పిసుకుతున్నాను. ఎల్లి ఉన్ని ఉండ దొర్లించుకుంటూ పోయి నానమ్మ కాళ్ళ దగ్గర కూచుంది. నానమ్మ దువ్వెన ఒళ్ళోంచి తీసి పక్కన పెట్టింది. గొంతు సర్దుకుంది. ఆ చప్పుడు విని నేను పిండిలోనే చేతులాపేశాను.

"దా తల్లీ. నా ఒళ్ళోకి రా. నీకో కథ చెబుతా" అంది నానమ్మ.

మా మాటలో. గొంతు కాస్త బొంగురుపోయింది, అంతే. ఒక్క ముక్క కూడా చెడలేదు.

ఎల్లి తలెత్తి ఆమె నోటిలోకి చూసింది. నవ్వింది. మళ్ళీ చూసింది. తర్వాత నా వైపు తిరిగి నార్వే మాటలో అడిగింది, "అక్కా, నానమ్మ ఏం చేస్తోంది?"

నేను చేతులు తుడుచుకోలేదు. "నిన్ను ఒళ్ళోకి రమ్మంటోంది. కథ చెబుతుందట" అన్నాను, ఎల్లికి అర్థమయ్యేలా.

ఎల్లి చేతులు చాచింది. నానమ్మ దాన్ని ఎత్తుకుని కూచోబెట్టుకుంది. ఎల్లి జుట్టు మీదుగా నా వైపు చూసింది. నేను చెప్పింది ఏమిటని అడగలేదు.

కథ మొదలెట్టింది. ఒక వాక్యం చెప్పి ఆగింది, నేను ఎల్లికి అందించడానికి.